నడుమ ముప్పై రెండు అక్షరాలు

డబ్బు పంపే మా కౌంటరులో సోదమ్మ చేరి ఆరు నెలలైంది. మనిషి కాదు, కంప్యూటర్లో ఒక ప్రోగ్రాము. ఎవరైనా డబ్బు పంపబోతే, అది మోసగాళ్ల పాలయ్యే అవకాశం నూటికి ఎంతో ముందే అంచనా వేసి చెబుతుంది. మేం డబ్బు పంపేది బ్లాక్‌చెయిన్ మీద, అంటే నడుమ బ్యాంకు లేకుండా కంప్యూటర్ల మధ్యే నడిచే ఖాతా పుస్తకంలో. బ్లాక్‌చెయిన్‌లో ఒకసారి వెళ్లిన డబ్బును దేవుడు దిగొచ్చినా వెనక్కి తేలేడు కాబట్టి తెచ్చి పెట్టారట. చెప్పడం వరకే దాని పని. పంపాలా ఆపాలా తేల్చేది నేను. పన్నెండేళ్ల అనుభవమున్న నాకు అది పాఠాలు చెప్పడమేమిటని మొదటి రోజు నుంచీ ఒళ్లు మంట.

ఆ ఉదయం కుట్టుపని అక్క పరుగున వచ్చింది. ప్రతి నెలా తమ్ముడికి డబ్బు పంపే మనిషే. ఈసారి ఆ తమ్ముడికి గుండె ఆపరేషన్. పదకొండింటిలోగా డబ్బు చేరకపోతే ఇవాళ్టి వంతు వేరేవాళ్లకు పోతుంది. అక్క తన కుట్టు మిషన్లు రెండూ అమ్మేసి వచ్చింది. గోడ గడియారంలో పదీ నలభై.

తన ఫోన్‌లో పాత లావాదేవీల జాబితా తెరిచి, అన్నిటికన్నా పైనున్న చిరునామాను, అంటే డబ్బు చేరాల్సిన ఖాతా గుర్తును, నాకు పంపింది. అక్షరాలూ అంకెలూ కలిపి నలభై, చాంతాడంత. ఈ పనిలో ఉన్నవాళ్లెవరూ అంతా చదవరు. తల నాలుగు, తోక నాలుగు చూస్తాం, అంతే. అక్క ఫైల్లో ఉన్న తమ్ముడి చిరునామాతో పోల్చాను. తలా కలిసింది, తోకా కలిసింది. మీట నొక్కబోతుంటే సోదమ్మ ఎర్రబడింది: ఆపండి, నూటికి తొంభై నాలుగు.

"నీ మొహం మండ! ఐదేళ్లుగా ఈ తమ్ముడికే పంపుతున్నాం కదే!" అని తెర మీద విరుచుకుపడ్డాను.

"ఏమైంది తల్లీ? పంపెయ్యవూ, నీకు దండం పెడతాను." అక్క చేతులు జోడించింది.

"ఉండక్కా, దీని నోరు మూయిస్తాను. మొత్తం పైకి చదువుతా, నువ్వు ఫైల్లో చూసుకో."

పంతం కొద్దీ ఒక్కొక్కటే చదివాను. ఐదో అక్షరం దగ్గరే అక్క వేలు ఆగిపోయింది.

"ఇక్కడ ఏడుందే? నువ్వు మూడంటున్నావు!"

ఆరోదీ వేరే. ఏడోదీ వేరే. తలకీ తోకకీ నడుమ ఎవడో వేరే మనిషి దూరి ఉన్నాడు.

తెర మీద 'ఎందుకు' అని ఒక మీట ఉంది. ఆరు నెలల్లో మొదటిసారి నొక్కి, వచ్చినదాన్ని అక్కకు వినిపించేలా చదివాను. ఆ చిరునామా పుట్టి మూడు రోజులేనట. పుట్టిన గంటలోనే అక్కకు చిల్లర పైసలు పంపి, ఆమె జాబితాలో పైకెక్కి కూర్చుంది. అదే రోజున, ఇలాగే తలా తోకా అతికించుకున్న మరో తొమ్మిది చిరునామాలు మా ఖాతాదారులు తొమ్మిది మంది జాబితాల్లో చేరాయి. ఇంకా ఎవరి డబ్బూ పోలేదు. ఔరా! లక్షల పంపకాల మధ్య, ఇంకా జరగని దొంగతనాన్ని, అక్క మొహమైనా ఎరగకుండా కనిపెట్టింది.

"టైము తల్లీ, టైము!" అక్క అరిచింది.

ఫైల్లోని అసలు చిరునామాను నలభై అక్షరాలూ వేలు పెట్టి చదివి పంపాను. పదీ యాభై మూడుకు తమ్ముడు ఫోన్ చేశాడు: "అందిందక్కా. లోపలికి తీసుకెళ్తున్నారు."

అక్క నా రెండు చేతులూ పట్టుకుంది. "నువ్వు లేకపోతే వాడేమైపోయేవాడో!"

నాకు తల కొట్టేసినట్టయింది. "నేనైతే పంపేసేదాన్నక్కా. దాన్ని అబద్ధం చేద్దామనే చదివాను," అని చెప్పేశాను.

అక్క తెర వైపు తిరిగింది. తర్వాత కళ్లు తుడుచుకుంది.

"మరి ఆ తొమ్మిది మందికీ చెప్పవూ?"

నేను ఫోన్ అందుకున్నాను. తొమ్మిదో మనిషితో మాట్లాడేదాకా అక్క కుర్చీలోంచి లేవలేదు.