కొయ్యని పంది

ఏటా పాఠం చెప్పేటప్పుడు ఆ వాక్యం దగ్గరికి రాగానే నాకు ఒళ్లు మండుతుంది. వియత్నాం సరిహద్దున ఉన్న మా మొండల్‌కిరి చాలా పెద్ద రాష్ట్రమట, జనం పలచనట, అధిక భాగం ఖాళీ భూమట. పిల్లలు దాన్ని రాగం తీసి చదువుతారు. టీచర్ని కాబట్టి నేనూ చదివిస్తాను.

ఖాళీ అని ఎవరు చూశారు? మేం బునాంగ్ కొండజాతి వాళ్లం అడవిలో పోడు కొట్టి కొన్నేళ్లు కొండవరి వేసుకుంటాం. నేల అలసిపోతే దాన్ని చెట్లకు వదిలేసి ఇంకోచోటికి పోతాం. చెట్లు ఎదిగాక మళ్లీ అక్కడికే వస్తాం. ఇల్లాలు సంతకు పోయిందని ఆ ఇంటికి తన తాళం వేసుకున్నవాణ్ని మా ఊళ్లో దొంగంటారు. పట్నంలో పెట్టుబడిదారు అంటారట.

ఫ్రెంచివాళ్లు కాగితం మీద గీత గీస్తే గడప దాటని మా అమ్మమ్మ చెల్లెలు వియత్నాంలో తేలింది. తరవాత ఆకాశం నుంచి బాంబులు పడ్డాయి. ఆ గుంతల్లో ఇప్పుడు మా బాతులు ఈదుతున్నాయి. ఆపైన విప్లవమంటూ నల్లబట్టల సైనికులొచ్చి ఊరంతటినీ పల్లానికి తోలుకుపోయారు. బతికి బట్టకట్టినవాళ్లు తిరిగొచ్చి, ఎవరి పోడు ఎక్కడుందో చెట్లను బట్టి గుర్తుపట్టుకున్నారు. ఇన్ని గండాలు గడిచాక రబ్బరు కంపెనీ దాపురించింది.

వాగుకు ఇవతల మా పెద్దమ్మ బ్లాంగ్ చెట్లకు విడిచిపెట్టిన పోడును బుల్‌డోజరు ఒక్క పూటలో చదును చేసేసింది. బుల్‌డోజరు దాటలేని ఆ వాగుకు అవతల మా వాళ్లను పూడ్చిన అడవి ఉంది. మేం సమాధులు కట్టం, పేర్లు చెక్కం. పూడ్చి వచ్చాక వాళ్లను అడవికి వదిలేస్తాం. దాంతో కంపెనీవాళ్ల కంటికి అదీ ఖాళీయే.

ఊరి తగవులన్నీ తీర్చేది పెద్దమ్మే. మా ధర్మం ప్రకారం తప్పు చేసినవాడు పందినీ, ఒక జాడీ బియ్యపు సారానూ తేవాలి. అందరి ముందూ తన తప్పు తన నోటితో చెప్పాలి. అప్పుడు పందిని కోసి, ఆ నెత్తురు ఇద్దరి నుదుటా పెట్టి, ఒకే జాడీలోంచి తాగుతారు. ఆ తరవాత ఆ తగవు ఎత్తే హక్కు ఎవరికీ లేదు. పెద్దమ్మ కంపెనీ మేనేజరుకు అలాగే కబురంపింది. వాడు నవ్వి ఊరుకుంటాడనుకున్నాను.

వచ్చాడు. వన్నరిత్ అని, పల్లపు ఖ్మేరు జాతివాడు, ఇస్త్రీ చొక్కా. లారీలో సారా జాడీనీ, పందినీ తెచ్చాడు. పంది మేం అడిగినదానికి రెట్టింపు ఉంది. ఫొటోలు తీసేవాణ్నీ వెంటబెట్టుకొచ్చాడు. ఊరంతా మురిసిపోయింది. నేనూ మురిశాను, దాచడం దేనికి? రాజులూ దొరలూ సైన్యాలూ తొక్కిన ఈ నేల మీద ఒక పెద్దమనిషి మా ధర్మానికి తలవంచడం నేను పుట్టాక అదే మొదటిసారి.

పందిని గుంజకు కట్టారు. పెద్దనాన్న త్వేంగ్ కత్తి నూరుకొచ్చాడు. పెద్దమ్మ మేనేజరును తప్పు చెప్పమంది.

"చెప్తా అవ్వా, దానికేముంది," అన్నాడతను హాయిగా. "వాగుకి ఇవతల కొట్టినదానికీ, రేపు అవతల కొట్టబోయేదానికీ, రెంటికీ కలిపే ఇంత పెద్ద పంది తెచ్చా. ఇంక మన మధ్య ఏ గొడవా ఉండకూడదు."

అప్పుడు చూశాను, లారీ వెనక గొడ్డళ్లతో నిలబడ్డ కుర్రాళ్లను. పక్క ఊళ్ల బునాంగులే, కంపెనీ కూలీలు. వాళ్లు తల ఎత్తడం లేదు. పెద్దమ్మ వాళ్ల దగ్గరికి నడిచి ఏమిటని అడిగింది. తగవు తెగకుండా ఆ అడవిలో గొడ్డలి వేస్తే ఆత్మలు ఊరుకోవని, మంచాన పడతామని, అందుకే ఇన్నాళ్లూ వాగు దాటమని మొరాయించామని ఒకడు నసిగాడు. అదీ కథ. మా ధర్మం మీద గౌరవంతో కాదు, దాన్నే తాళంచెవి చేసుకుని మా అడవి తలుపు తీయడానికి వచ్చాడు.

లాక్కుంటే దొంగ అని తిట్టుకునేవాళ్లం. వీడు మా నుదుటి మీద మా చేతే నెత్తురు పెట్టించి పోదామని వచ్చాడు.

పెద్దనాన్న మాత్రం గొంతు తగ్గించి, "ఎటూ లాక్కుంటారే. పందైనా దక్కనీ. పిల్లలు మాంసం తిని ఎన్నాళ్లైంది," అన్నాడు. చాలామంది తలలూపారు. వాళ్లను తప్పుపట్టలేను. ఆకలి ఆకలే.

పెద్దమ్మ అతని చేతిలోంచి కత్తి తీసుకుంది. పంది దగ్గరికి వెళ్లి కట్టుతాడు కోసింది.

"చేసిన తప్పుకి పందిని తీసుకుంటాం సారూ," అంది. "చెయ్యబోయే తప్పుకి తీసుకుంటే మేమూ దొంగలమే. మా వాళ్ల ఎముకలకి బేరం పెట్టిన పంది కూర నా నోట్లోకి పోదు."

"ఫ్నోంగులు ఎప్పటికీ బాగుపడరు," అన్నాడు మేనేజరు. పట్నంలో మమ్మల్ని తిట్టడానికి వాడే మాట అది. ఫొటోలవాడు అప్పటికే పంది పక్కన మేనేజరు నవ్వు తీసేసుకున్నాడు.

పెద్దమ్మ ఆ మిగిలిన తాడుతోనే పందిని ఎర్రమట్టి బాట వెంట కంపెనీ ఆఫీసు దాకా నడిపించింది. వెనకాల ఊరంతా నడిచాం. అది దారి పొడుగునా మొండికేసింది, దుంపల కోసం గట్లు కుళ్లగించింది. తీసుకెళ్లి గేటు స్తంభానికి కట్టేసి, సారా జాడీ మూత తీయకుండా పక్కన పెట్టి వచ్చేశాం. కుర్రాళ్లు ఆ రోజే గొడ్డళ్లు భుజాన వేసుకుని తమ ఊళ్లకు పోయారు.

కంపెనీ కొండజాతికి పందిని దానం చేసిందని తరవాత సంత అంగడి గోడ మీద ఫొటో వెలిసింది. ఆ ఫొటోలో నేనూ ఉన్నాను, పళ్లికిలిస్తూ.

మేనేజరు పల్లం నుంచి వేరే కూలీలను తేగలడు. తెస్తాడు కూడా. ఆ సంగతి పెద్దమ్మకు నాకంటే బాగా తెలుసు. ఇవాళ్టికి మాత్రం వాగు అవతల అడవి నిలిచే ఉంది. పంది కూడా కంపెనీ ఆవరణలోనే ఉంది. తగవు తెగని పందిని ముట్టుకోవడానికి అక్కడ పనిచేసే మా వాళ్లెవరూ ఒప్పుకోలేదు. అది కాపలావాళ్ల ఎంగిలి మెతుకులు తిని, రబ్బరు మొక్కల మొదళ్లు తవ్వుకుంటూ తిరుగుతోంది.

సంతకు పోయే ప్రతిసారీ పెద్దమ్మ ఆ గేటు దగ్గర ఆగుతుంది. మేనేజరు కనబడితే మర్యాదగా పలకరిస్తుంది.

"సారూ, మీ తప్పు బాగా బలిసినట్టుందే."