గోగుకట్టె చీల

గొడ్డలి రెండోసారి లేచింది.

మొదటి దెబ్బకే వడ్రంగి వడ్ల బాలస్వామి ఎడమచేతి రెండు వేళ్లు తెగి బురదలో పడ్డాయి. కూలిన ఇంటి నిట్టాడు గుంజకే అతన్ని పశువుల తలుగుతాడుతో కట్టేశారు. ఇంటి ముందు చావడిలో నిద్రపోతూ నడిదూలం కింద నలిగిపోయిన ఇంటి పెద్ద కురుమయ్య శవాన్ని అప్పుడే బయటికి లాగారు. భార్య హన్మమ్మ ఆ తలను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"ఉగాదికి నువ్వు నిలబెట్టిన ఇల్లే గద," అన్నాడు పెద్దకొడుకు మల్లన్న. "తొలి వానకే మా నాయినను మింగింది. కుడిచెయ్యి సాపు."

"అమీన్ సాబు పోలీసులతోని వచ్చేలోపు కానియ్యి అన్నా," అని తమ్ముడు దశరథం తొందరపెట్టాడు.

కుడిచెయ్యి పోతే బాలస్వామికి ఉలి పోయినట్టే. ఇంటిల్లిపాదికీ కూడు పోయినట్టే.

"నరుకు పటేలా. జర అతుకు సూసి నరుకు. లింగాల అడివి నల్లమద్ది మొద్దులు రెండు అతికి దూలం జేసిన. అతుకుల నూనెల నానబెట్టిన తుమ్మకట్టె చీల కొట్టిన. అది యాడుందో సూపియ్యి."

మల్లన్న తడిసిన బోదగడ్డిని కాలితో పక్కకు తన్నాడు. దూలం సరిగ్గా అతుకు దగ్గర విడిపోయి ఉంది. చీల చిల్లులో వేలు పెట్టి లాగితే తెల్లటి పుల్ల పుటుక్కున విరిగింది. గోగుకట్టె. కనబడకుండా పైన ఎర్రమట్టి పూసి ఉంది.

"పొయ్యిల పెట్టే పుల్లతోని ఇల్లు నిలబెడతనా? ఇంటే మీ ఎద్దులు గూడ నవ్వుతయి."

"మరి తుమ్మ చీల ఏమాయె?"

"ఎవలో ఊడగొట్టిండ్రు. మా చీల ఒక దిక్కు లావు, ఒక దిక్కు సన్నం. లావుది చావడి దిక్కుంటది. సన్నం దిక్కు నుంచి కొడితేనే అది ఊడేది. గా సన్నం కొన లోపలి అర్రల ఉన్నది. అర్రల ఎవలు పండుతరు పటేలా?"

జవాబుగా, ఆ అర్రలో పడుకునే దశరథం కొడవలి బాలస్వామి గొంతు మీదికి దూసుకొచ్చింది. మల్లన్న గొడ్డలికామ కర్రతో తమ్ముడి మోచేతిని కొట్టాడు. ఎముక విరిగింది. కొడవలి జారిపడింది. మల్లన్న అతని మెడ మీద మోకాలు వేసి బురదలో అదిమాడు.

"నాకు తెల్వదన్నా," దశరథం రొప్పాడు. "అర్ర తాళం అమ్మ కాడ గూడ ఉంటది. అమ్మనడుగు."

మల్లన్న తల్లి వైపు తిరిగాడు. హన్మమ్మ భర్త ముఖం మీది మట్టి తుడవడం ఆపింది.

"మొన్న సందెల అర్రల టకటక ఇనొచ్చింది. ఏంది బిడ్డా అంటే, ఇత్తనాల కంకులు యాలాడదీయ మొల కొడుతున్న అన్నడు వీడు. రాత్రి వాన మొగులు జూసి, పెండ్లాన్ని దీసుకొని చేనుల మంచె కాడికి పోయిండు. మీ నాయిన బాయికాడి చేను నీ పేర రాస్తడని వీనికి కడుపుమంట."

ఆమె మళ్లీ భర్త ముఖం మీది మట్టి తుడవసాగింది.

"నీ నాయినను సంపింది దశరథమే, మల్లన్నా."