క్యాసెట్లో కేతకి పెళ్లి

మా సాంగ్లీ కాలనీలో పాత సినిమాల మీద సర్వహక్కులూ దిగంబర్ ఖాస్నీస్‌వే. రిటైరైన హెడ్మాస్టరు. ఆ రోజుల్లో హీరోయిన్ తలెత్తి చూసేది కాదనీ, ఇప్పటి సినిమాలు చూసే మేమంతా చెడిపోయామనీ ఆయన తేల్చేశాడు. అందుకే వీసీఆర్ కొన్న వెంటనే బండూ వీడియో షాపు నుంచి ఓ నలుపు తెలుపు సినిమా అద్దెకు తెచ్చి, ఆదివారం మధ్యాహ్నం మమ్మల్నందరినీ బాగుచేద్దామని పిలిచాడు.

ఆయన భార్య ఇందుమతి, మా అందరికీ కాకూ, అంటే పిన్ని, అటుకుల పోహే చేసి పెట్టింది. కాకూ ఆ వేసవి నుంచీ సరిగ్గా నవ్వలేదు. తను ఎత్తుకుని పెంచిన అక్క కూతురు కేతకి వేరే కులం అబ్బాయిని చేసుకుంది. "ఆ పెళ్లికి వెళ్లినవాళ్లు నాకు చచ్చినవాళ్లతో సమానం" అని ఖాస్నీస్ హుకుం జారీ చేశాడు. పెళ్లిరోజున తాను మాత్రం శిష్యుడి గృహప్రవేశమని పక్క ఊరు మిరజ్ వెళ్లాడు. ఆ రోజంతా కాకూ వంటింట్లో ఏడ్వడం గోడ ఇవతల నాకు వినిపిస్తూనే ఉంది.

సినిమా మొదలైంది. తెర మీద గీతలు పాకాయి. హీరోయిన్ మొహం రబ్బరులా సాగింది. ఖాస్నీస్ వీసీఆర్ నెత్తిన రెండు చరిచాడు. "ఓపిక పట్టండి, ఇప్పుడు త్యాగం వస్తుంది" అన్నాడు. హీరోయిన్ మెడలో గొలుసు తీయబోయింది. అంతే, తెర ఒక్కసారి మెరిసి, రంగులొచ్చాయి. బ్యాండు మేళం!

"మాస్టారూ, ఇది ఆ సినిమాలోదేనా?" అంది ఎదురింటి వదిన, శాంతా వహినీ.

పెళ్లిమండపం. పీటల మీద కేతకి. కాకూ చేతిలో పళ్లెం గాల్లోనే ఆగిపోయింది. ఇంతలో గులాబీరంగు తలపాగా పెట్టుకున్న ఒకాయన, ఇద్దరు ముసలాళ్లను మోచేత్తో తోసుకుంటూ వచ్చి, పెళ్లికొడుకు తండ్రి పక్కన ఫోటోకి నిలబడ్డాడు. పెళ్లికొడుకు తండ్రి అంటే చక్కెర ఫ్యాక్టరీ ఛైర్మన్. తలపాగా ఆయన మా ఖాస్నీస్.

"గృహప్రవేశం ఘనంగా జరిగిందే!" అంది శాంతా వహినీ.

ఖాస్నీస్ గబుక్కున లేచి టీవీ ఆపబోయాడు.

"ముట్టుకోకండి" అంది కాకూ.

"ఇందూ, జనం ఉన్నారు..."

"పెళ్లన్నాక జనం ఉంటారు. కూర్చోండి."

ఆయన కూర్చున్నాడు. తెర మీద కేతకి మాటిమాటికీ తల తిప్పి వాకిలి వైపు చూస్తోంది.

"పాపం, ఎవరి కోసమో" అన్నారెవరో.

"నా కోసమే" అంది కాకూ.

"అది కాదు ఇందూ, ఇంటి తరఫున ఎవరో ఒకరు కనపడాలి కదా. ఛైర్మన్ గారంతటివారు స్వయంగా కబురంపారు. స్కూలు కమిటీలో నా పేరు కూడా..."

"మరి కులం?"

"సిద్ధాంతం వేరు, సంబంధాలు వేరు."

కాకూ ఇంక ఆయన వైపు చూడలేదు. అప్పగింతల దాకా కదలకుండా చూసి, కళ్లు తుడుచుకుని లోపలికి వెళ్లింది. నలుపు తెలుపు మళ్లీ వచ్చేసరికి హీరోయిన్ చితి మీద ఉంది. ఎందుకు చచ్చిపోయిందో ఎవరూ అడగలేదు.

మర్నాడు ఖాస్నీస్ బండూ మీద విరుచుకుపడ్డాడు. పెళ్లి వీడియోలు తీసేవాడు కూడా ఆ బండూనే.

"ఆ సినిమా ఎవరూ అడగరు మాస్టారూ. పెళ్లిలో క్యాసెట్లు అయిపోతే దాని మీదే తీసేశాను" అన్నాడు బండూ తాపీగా. "అయినా వీడియోలో మీరు భలే బాగా పడ్డారు!"

అప్పటికే కాకూ కొల్హాపూర్ బస్సెక్కి కేతకి దగ్గరికి వెళ్లిపోయింది. మోకాళ్ల వైద్యానికి వెళ్లిందని ఖాస్నీస్ కాలనీ అంతా చెప్పుకున్నాడు. మేమూ నమ్మినట్టే తలలూపాం.

దీపావళికి ముందు కాకూ, కేతకి, అల్లుడూ రిక్షా దిగారు. ఖాస్నీస్ చెప్పులైనా వేసుకోకుండా పరుగెత్తి అల్లుడి చేతిలో బ్యాగు అందుకున్నాడు.

"నాన్నగారు కులాసానా బాబూ?" అని అడిగాడు.

కాకూ తన ట్రంకుపెట్టె తనే మోసుకుని లోపలికి నడిచింది.