మిషనుకి వచ్చిన దగ్గు

ట్యాంకరు నిండుతున్న చప్పుడు సన్నబడగానే వానమామ చేతిలోని టీ గ్లాసు కింద పెట్టి, నిచ్చెనెక్కి, లావాటి రబ్బరు గొట్టాన్ని పైమూతలోంచి బయటికి లాగాడు. గొట్టం కొస ఎప్పటిలాగే బుస్సుమని అతని చొక్కా తడిపింది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో పొడిచొక్కాతో బండి ఎక్కిన రోజు లేదు. పొట్టి మనిషి. పీపాలాంటి ఛాతీ, స్టీరింగు పట్టీ పట్టీ కాయలు కాసిన అరచేతులు. అమ్మానాన్నలు పెట్టిన పేరు జీతాలిచ్చే రోజున తప్ప ఎవరికీ గుర్తురాదు. వానమామ అన్నది పిల్లలు పెట్టిన పేరు. మబ్బు మొహం చూపించడం మానేసిన ఊళ్ళో వాన కురిపించేవాడు అతనొక్కడే మరి.

మునిసిపాలిటీ ట్యాంకరు అంటే ఊళ్ళో వీధులన్నీ తడుపుతుందనుకునేరు. అదేం కాదు. అతని రూటు మొత్తం ఒక కూడలి, దాని చుట్టుపక్కల వీధులూ. కూడలి మధ్యలో ఒక స్తంభం, స్తంభం మీద తెల్ల డబ్బా, డబ్బాలోంచి పైకి పొడుచుకొచ్చిన గొట్టం. ఆ గొట్టం రాత్రనకా పగలనకా గాలి పీలుస్తుంది. పీల్చిన గాలిలో ఎంత దుమ్ముందో పక్కనున్న బోర్డు మీద రంగులో చెబుతుంది. పచ్చ అయితే క్షేమం, పసుపయితే జాగ్రత్త, ఎరుపయితే ప్రమాదం. ఎరుపొచ్చిందంటే ఊరి చివర బొగ్గుతో కరెంటు తీసే ప్లాంటు సగం బాయిలర్లు ఆర్పేసి మర్నాటి దాకా ఆగాలి. రూలది. పెట్టినవాళ్ళు మంచి ఉద్దేశంతోనే పెట్టారు. పాటించాల్సినవాళ్ళు బుర్ర పెట్టి ఆలోచించారు. ఊరంతటి గాలినీ బాగుచెయ్యడం ఎవరి తరం? మిషను ముక్కు దగ్గర బాగుంటే చాలదూ?

అలా ఆ మిషనుకి రోజూ అభ్యంగన స్నానం మొదలయింది. స్తంభం చుట్టూ రోడ్డు తడపాలి, పక్కనున్న గోడలు తడపాలి, చెట్ల ఆకులు కడగాలి. ఊరంతా దాహంతో నాలుక పిడచగట్టుకుపోతుంటే కూడలిలో గడ్డి మోకాలెత్తున పెరిగింది. స్తంభం మొదట్లో నాచు పట్టి, నడివేసవిలో ఒక కప్ప కాపురం పెట్టింది. డాక్టర్లు చెప్పారని, డబ్బున్నవాళ్ళు కార్లేసుకుని మరీ పొద్దున్నే అక్కడికి నడకకి వస్తున్నారు. వానమామకి ఇందులో తప్పు కనిపించలేదని కాదు. కనిపించినా అది తన బండికి సంబంధించింది కాదనుకున్నాడు. అతని గొప్పంతా ఒక్కటే, ఏనాడూ రూటు తప్పలేదు. తన పెళ్ళికి వెళ్ళాల్సిన రోజున కూడా ఆఖరి ట్రిప్పు కొట్టి, తడిచొక్కాతోనే పీటల మీద కూర్చున్న మనిషి.

ఇవాళ మాత్రం టీ ముట్టుకోలేదు. రాత్రంతా భార్య గోడకి తలగడ ఆనించుకుని కూర్చునే ఉంది. పడుకుంటే ఊపిరి అందడం లేదు. వాళ్ళ వీధి ప్లాంటు బొగ్గు యార్డుకి సరిగ్గా వెనకుంది. బొగ్గు మోసే కన్వేయరు బెల్టు తిరిగినప్పుడల్లా నల్లటి దుమ్ము లేచి రేకుల కప్పుల మీదా, ఆరేసిన బట్టల మీదా, కంచంలో అన్నం మీదా వాలుతుంది. తలుపు తీస్తే దుమ్ము, మూస్తే ఉడుకు. డాక్టరు మొన్ననే చెప్పాడు, ఇలాంటి రోజు ఇంకొకటొస్తే ఆమె ఊపిరితిత్తులు ఓర్చుకోలేవని. ఆ రోజు ఇదేనని తెల్లారేసరికి ఇద్దరికీ తెలిసిపోయింది.

"ఏమయ్యా," అంది ఆమె పొద్దున ఇంట్లో అతను టోపీ పెట్టుకుంటుంటే. ఒక్కో మాటకీ ఒక్కో ఊపిరి వెతుక్కుంటోంది. "ఆ మిషనుకి... దగ్గు రాకూడదని... రోజూ స్నానం చేయిస్తావు. నాకొస్తే మాత్రం... వేణ్ణీళ్ళు తాగమంటావు."

"మన వీధి రూటులో లేదే."

"నేనెప్పుడు... ఉన్నాన్లే నీ రూటులో," అని నవ్వబోయి, దగ్గు ముంచుకొచ్చి ఆగిపోయింది.

ప్లాంటుకి పునాదులు తవ్వుతున్న రోజుల్లో అతను ఇక్కడికి ఇటుకలు మొయ్యడానికి వచ్చాడు. చిమ్నీ ఎంతెత్తు లేస్తే అంత గొప్పగా ఉండేది అప్పట్లో. తమ చేతులతో కట్టింది కదా. ప్లాంటు నడవడం మొదలయ్యాక అతను ట్యాంకరు ఎక్కాడు, ఆమె బెల్టు కింద రాలిన బొగ్గు ఏరే గుంపులో చేరింది. సాయంత్రం కుళాయి దగ్గర మొహం కడుక్కున్నాక గానీ ఆమె ఏ రంగులో ఉంటుందో అతనికి తెలియలేదు. తెలిశాక ఇంకెటూ చూడలేదు. పిల్లలు పుట్టలేదు. ఆ దిగులు కొన్నాళ్ళు తిని, తర్వాత ఒకరినొకరు ఆటపట్టించుకుంటూ బతకడం అలవాటు చేసుకున్నారు. ఆమె అతన్ని గెలవనిచ్చిన మాటల పోటీ ఒక్కటీ లేదు.

"అన్నా, టీ చల్లారిపోయింది. మళ్ళీ పొయ్యనా?" అంది పంపుహౌసు ఎదుట టీకొట్టు నడిపే ఆవిడ. ఆమెదీ వాళ్ళ వీధే. "ఎండ చూశావా, పొద్దున్నే ఎలా కాస్తోందో! దీనికి భయపడి అందరూ ఏసీలు వేసుకుంటారు. ఏసీలకి కరెంటు కావాలి, కరెంటుకి బొగ్గు కావాలి, బొగ్గు కాలిస్తే మళ్ళీ ఎండ. ఈ తద్దినం ఎప్పటికీ తెమిలేది కాదు."

"తెములుతుందిలే చెల్లెమ్మా," అన్నాడు వానమామ, ఎలాగో తెలియకుండానే, బండి స్టార్టు చేస్తూ.

కూడలికి చేరేసరికి బోర్డు పసుపు మీదే ఉంది గానీ ఎరుపు ఇప్పుడో అప్పుడో అన్నట్టుంది. అతను నీళ్ళ మర తిప్పాడు. బండి వెనకనుంచి నీళ్ళు గొడుగులా విచ్చుకున్నాయి. తడిసిన దుమ్ము వాసన లేచింది. స్తంభం చుట్టూ మెల్లగా తిరిగి వచ్చేసరికి రంగు కుదుటపడింది. చెట్టు నీడలో మోటారు సైకిలు మీద కూర్చున్న మునిసిపాలిటీ సూపర్వైజరు దిగివచ్చి, ఆవుని నిమిరినట్టు స్తంభాన్ని నిమిరాడు.

"శభాష్ పెద్దాయనా! ఇలాగే సాయంత్రం దాకా కొడుతూ ఉండు. ఇవాళ ఒక్క బాయిలరు ఆగినా పైవాళ్ళు నా తోలు వలిచేస్తారు."

వానమామ టోపీ తీసి చేతిలో నలిపాడు. "సార్, మధ్యలో ఒక్క ట్రిప్పు మా వీధికి కొట్టొస్తాను. దుమ్ము అణగాలి. మా ఇంటిదానికి ఊపిరాడటం లేదు."

"మీ వీధిలో మిషనుందా?"

"లేదు సార్."

"మరి?" అన్నాడు సూపర్వైజరు.

తిట్టి ఉంటే బాగుండేది. తిట్లు అతనికి అలవాటే. వెటకారం చేసినా పడేవాడు. సూపర్వైజరు నిజంగానే అర్థంకాక అడిగాడు. మిషను లేని చోట నీళ్ళెందుకు పొయ్యాలో ఆ మనిషికి ఎంత ఆలోచించినా తట్టలేదు. వానమామ బండి ఎక్కాడు. ఖాళీ ట్యాంకరు పంపుహౌసు దాకా లొడలొడలాడుతూ వెళ్ళింది. అంత దూరమూ ఆ ఒక్క మాటే చెవిలో మోగుతోంది. అతనికి కోపం వచ్చింది. జీవితంలో చాలా ఆలస్యంగా వచ్చింది గానీ, వచ్చింది మాత్రం ఒళ్ళంతా వచ్చింది.

ట్యాంకరు నిండింది. టీకొట్టు దగ్గర రోడ్డు చీలుతుంది, ఎడమకి కూడలి, కుడికి వాళ్ళ వీధి. వానమామ కుడికి తిప్పాడు. టీకొట్టు ఆవిడ గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. తర్వాత పొయ్యి ఆర్పేసి, చెంగు నడుముకి దోపుకుని, బండి వెనకే పరుగెత్తింది.

వీధి మొదట్లోనే మర పూర్తిగా విప్పేశాడు. ముందు ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. రేకుల మీద నీళ్ళు దడదడ కొట్టేసరికి మనుషులు బయటికొచ్చారు. గోడల మీదనుంచి నల్లటి నీళ్ళు ధారలు కట్టాయి. ఆ కడుగు కింద, ఎప్పుడో గోడలకి వేసి అందరూ మరిచిపోయిన సున్నం బయటపడింది. పిల్లలు కేకలు పెడుతూ నీళ్ళకి అడ్డంపడ్డారు. మంచంలో ఉన్న ఒక ముసలాయన్ని మంచంతో సహా గుమ్మంలోకి లాక్కొచ్చి తడిపారు. ఆయన తిడుతూనే నోరు తెరిచి పెట్టాడు. యార్డు గోడ వైపునుంచి దుమ్ము ఎగిరే చోట వానమామ బండి ఆపి, గొట్టం చేత్తో పట్టుకుని, ఆ గోడని నిలువునా కడిగాడు. జేబులో ఫోను మోగింది. ఆగి మళ్ళీ మోగింది. తడిసిపోతుందని తీసి డ్రైవరు సీటు మీద పడేశాడు.

అతని ఇంటి కిటికీ తెరుచుకుంది.

"రూటు... తప్పావేంటయ్యా?" అంది భార్య, చువ్వలు పట్టుకుని.

"తప్పలేదే, ఇప్పుడే దొరికింది!" అని అరిచాడు వానమామ నీళ్ళ హోరులోంచి. మొదటిసారి మాట అతను గెలిచాడు.

అతను వీధి కొసకి చేరుకునేలోపు ప్లాంటు సైరను కూసింది. తడిపేవాడు లేక కూడలిలో బోర్డు ఎర్రబడింది. నడకకి వచ్చేవాళ్ళు చూశారు, బస్సుల కోసం నిలబడ్డవాళ్ళు చూశారు, ఎవరో ఫొటోలు తీశారు. ఊళ్ళో చాలామందికి ఆ బోర్డుకి ఎరుపు రంగు కూడా ఉందని అప్పుడే తెలిసింది. సగం చిమ్నీల మీద పొగ పలచబడి, తెగిపోయింది. ఊరంతా కరెంటు పోయింది.

సూపర్వైజరు మోటారు సైకిలు నల్లటి బురదలో జారుకుంటూ వచ్చి ఆగింది. అతని మొహం బోర్డుకేం తీసిపోలేదు.

"మతి పోయిందా నీకు? అక్కడ మిషను ఎర్రగా చూపిస్తోంది తెలుసా!"

"చూపించనీండి సార్. దానికీ దగ్గొచ్చింది. ఇన్నేళ్ళకి."

"ఉద్యోగం ఊడుతుంది."

"అది తెలిసే కుడికి తిప్పాను."

"ఇంకో చలికాలం ఓపిక పడితే మర్యాదగా రిటైరయ్యేవాడివి కదయ్యా," అన్నాడు సూపర్వైజరు, కోపంలోంచి నిజమైన బాధ తొంగిచూస్తుంటే. "రేపు ఇంకొకడొచ్చి అక్కడే కొడతాడు. నువ్వు చేసిందేముంది?"

"కొట్టనీండి. ఊరంతా చూసిందాన్ని ఏ నీళ్ళతో కడుగుతాడు?" వానమామ తాళాలు సూపర్వైజరు చేతిలో పెట్టాడు. టోపీ తీసి సీటు మీద పెట్టి, ఫోను తీసుకుని దిగాడు. అంతే. అంతటితో అతని ఉద్యోగం అయిపోయింది.

సూపర్వైజరు ట్యాంకరు ఎక్కి స్టార్టు చేశాడు గానీ కదలలేకపోయాడు. ముందర టీకొట్టు ఆవిడ, ఆమె వెనక వీధిలో ఆడవాళ్ళందరూ బిందెలూ బకెట్లతో నిలబడ్డారు.

"ట్యాంకులో ఇంకా నీళ్ళున్నాయి బాబూ," అంది ఆవిడ చాలా మర్యాదగా. "అవి మావి. దించి వెళ్ళండి. రేపట్నుంచి బండి ఎవరు తోలినా సరే, ముందు ఈ వీధి తడపాలి. లేదంటే పంపుహౌసు గేటు ముందు మేం కూర్చుంటాం. మాకు వేరే పనేముంది, ఎలాగూ దగ్గుతూ కూర్చునేదేగా!"

అందరూ నవ్వారు. ఎవరూ పక్కకి జరగలేదు. ఆఖరి బిందె నిండాకే ట్యాంకరు కదిలింది.

సాయంత్రానికి వీధి ఆరింది గానీ దుమ్ము లేవలేదు, ఆగిన బాయిలర్లకి బొగ్గు మోసే వాళ్ళ వైపు బెల్టు తిరగలేదు. కరెంటు లేక లోపల ఉక్కపోత. భార్య గోడ పట్టుకుని, ఒక్కో అడుగే వేస్తూ గుమ్మం దాకా వచ్చింది. డాక్టరు భయపెట్టిన రోజు పూర్తవుతోంది. ఆమె నిలబడే ఉంది.

"కుర్చీ బయట వెయ్యవయ్యా."

ఆ వీధిలో ఎవరూ బయట కూర్చోరు. బయట పెట్టిన వస్తువేదైనా తెల్లారేసరికి నల్లబడుతుంది. అందుకే చెప్పుల దగ్గర్నుంచి చీపురు దాకా అన్నీ లోపలే ఉంటాయి. వానమామ ఇంట్లో ఉన్న ఒకే ఒక్క చెక్క కుర్చీని తెచ్చి వీధిలో వేశాడు. తను పక్కనే నేల మీద చతికిలబడ్డాడు. ఆమె కూర్చుని గాలి పీల్చుకుంది. పీల్చడం ఇంకా కష్టంగానే ఉంది. మధ్యలో ఆగకుండా మాత్రం సాగుతోంది.

"రేపట్నుంచి పొడిచొక్కా వేసుకుంటావా?" అంది, ఒకే ఊపిరిలో.

అతనికి ఏడుపొచ్చింది. దాచుకోలేదు. ఎదురింటివాళ్ళు వాళ్ళని చూసి ఒక బల్ల బయటికి జరుపుకున్నారు. చీకటి పడుతుండగా వానమామ లేచి, ఆమెని లోపలికి నడిపించి, కుర్చీ తేవడానికి వెనక్కి తిరిగాడు. ఆమె అతని చొక్కా పట్టుకుని ఆపింది.

"ఉండనీ. దుమ్ము పడితే రేపు తుడుచుకుని కూర్చుంటాను. మనమే ఎందుకయ్యా ప్రతిసారీ లోపలికి పోవడం?"

తలుపు తెరిచే ఉంచి ఇద్దరూ లోపలికి వెళ్ళారు. వీధి మధ్యలో, చిమ్నీల వైపు మొహం పెట్టి, ఆ పాత చెక్క కుర్చీ అక్కడే ఉండిపోయింది.