నల్లతాళం రాణి, తొమ్మిదో భాగం

ఆరిన్ టీస్‌డేల్ లాంటి మోసగాడు ఓహైయో మొత్తంలో ఇంకొకడు లేడని ఎల్వుడ్ క్రాంట్జ్ ఇప్పటికీ అంటాడు. ఆరిన్ ఒక్క అబద్ధమూ ఆడలేదు. అసలు మంట అదే.

ఎల్వుడ్‌ది నీళ్ల పైపులు బాగుచేసే పని. ఇంటి కింది గదిలో పాత మూగ సినిమాలు దాచేవాడు. వాటిలో అతని ప్రాణం ‘నల్లతాళం రాణి’. ఒకప్పుడు హాళ్లలో వారానికో భాగం చొప్పున ఆడిన పదిహేను భాగాల సాహసగాథ. పద్నాలుగు దొరికాయి, తొమ్మిదోది లేదు. ఎనిమిదో భాగం చివర దుండగులు రాణిని గోనెసంచిలో కుట్టి జలపాతంలోకి తోసేస్తారు. పదో భాగంలో ఆవిడ జుట్టు కూడా చెదరకుండా గుర్రమెక్కి వస్తుంది. ఎలా బయటపడింది? ఇరవై రెండేళ్లుగా ఎల్వుడ్‌కి అదే రంధి.

"తీసినవాళ్లే మరిచిపోయిన సినిమా, నీకెందుకయ్యా?" అనేది భార్య వెర్నా.

"అందరికీ గుర్తున్నదైతే నేను దాచడం దేనికి?"

1974 వేసవిలో, సినిమాలు సేకరించేవాళ్లంతా ఏటా కలిసే హోటల్లో, ఆరిన్ ఒక రేకు డబ్బా చంకన పెట్టుకుని వచ్చాడు.

"ఏవోయ్, నీ రాణి నా దగ్గరుంది. తొమ్మిదో భాగం. మొత్తం ఉంది, ఒక్క గీత లేదు."

"ఎంతకిస్తావ్?"

"డబ్బొద్దు. సరస్సు దగ్గర నీ స్థలం ఇయ్యి."

"ముందోసారి ఆడించి చూపించు."

"చూసేశాక ఇంకేం కొంటావ్?"

అదీ నిజమే అనిపించింది. ఎల్వుడ్ స్థలం కాగితాల మీద సంతకం పెట్టేశాడు.

ఆదివారం మధ్యాహ్నం నలుగురు స్నేహితుల్ని పిలిచి, తెర కట్టి ఆడించాడు. రాణి పొడి బట్టల్లో సోఫా మీద కూర్చుని టీ తాగుతోంది. తెరమీద అక్షరాలు పడ్డాయి: ‘నేనెలా బతికానో తర్వాత చెబుతాను. ముందు మొదటినుంచీ వినండి.’

ఆ తర్వాత ఇరవై నిమిషాలూ మొదటి ఎనిమిది భాగాల్లోని ముక్కలే.

వెర్నా నవ్వీ నవ్వీ ఒళ్లో పాప్‌కార్న్ అంతా నేలపాలు చేసింది. "నీ దగ్గరున్నదే మళ్లీ కొన్నావు కదయ్యా!"

ఎల్వుడ్ ఫోన్ అందుకున్నాడు. "ఒరే దొంగా!"

"మొత్తం ఉందన్నాను గానీ, కొత్తదన్నానా? ఆవిడ ఎలా బతికిందో నాకూ తెలీదు" అన్నాడు ఆరిన్. "పోనీ, డబ్బా తెచ్చిచ్చెయ్. నీ స్థలం నీకు రాసిచ్చేస్తా."

ఎల్వుడ్ అలమర వైపు చూశాడు. ఒకటి నుంచి పదిహేను దాకా డబ్బాలు వరసగా ఉన్నాయి. ఇరవై రెండేళ్లు నోరు తెరుచుకున్న ఖాళీ మూసుకుపోయింది.

ఫోన్ పెట్టేశాడు.

అయినా ఆరిన్ మోసగాడే. కొట్టేసింది అర ఎకరం, సరస్సు అంచున అరవై అడుగులు, పాత పడవల పాకతో సహా.