తీగ తగిలించని హెడ్‌ఫోను

ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన మూడో ఏడు చలికాలంలో ఆళ్లగడ్డ ఓబుళరెడ్డి హెడ్‌ఫోన్లు కొనడానికి నంద్యాలలో యోబు రేడియో అంగడికి వచ్చాడు. ఆ చుట్టుపక్కల సొంత విమానం ఉన్నది అతనొక్కడికే. మద్రాసులో బి.ఏ. చదవమని పంపిస్తే విమానం నడపడం నేర్చుకుని, లైసెన్సు తెచ్చుకుని, యుద్ధకాలం నాటి రెండు సీట్ల పాత విమానం ఒకటి కొని, సొంత బీడులోనే దించాడు. వాళ్లమ్మ యశోదమ్మ విమానానికి టెంకాయైతే కొట్టింది గానీ, కొడుకుతో చాన్నాళ్లు సరిగ్గా మాట్లాడలేదు.

యోబు యుద్ధంలో బర్మా దిక్కున వైర్‌లెస్ పని చేసి వచ్చినవాడు. విమానానికి బ్యాటరీ సెట్టు ఒకటి బిగించి ఇస్తానని ఒప్పుకున్నాడు. దానికి ముందు చెవులకు పెట్టుకునేది కుదరాలి కదా. బల్ల మీద మూడు జతలు పెట్టాడు.

మొదటిది కొత్తది. తల మీద పెట్టగానే కణతలు పట్టకారుతో నొక్కినట్టయింది.

"దీంతో అరగంట ఎగిరితే నా తలకాయ పగులుతాది" అన్నాడు ఓబుళరెడ్డి.

రెండోది తేలిక. కానీ బజారులో జట్కావాడి కేకలు ఉన్నవున్నట్టు వినిపిస్తున్నాయి. ఇంజను మోతను అదేం ఆపుతుంది?

మూడోది పాతది. తోలు టోపీకి కుట్టిన చెవి గిన్నెలు, లోపల అరిగి మెత్తబడిన ఉన్ని. అది పెట్టుకోగానే బజారంతా ఎవరో తలుపు మూసినట్టు నిశ్శబ్దమైంది. గడ్డం కింద పట్టీ కూడా అతనికోసమే కొలిచి కోసినట్టుంది.

"ఇదీ. ఇది కావాల నాకు."

"అది వద్దులే రెడ్డీ" అన్నాడు యోబు. "మద్రాసులో పాత సామాన్ల పెట్టె కొంటే అండ్లో వచ్చింది. అమ్మేకి నాకు మనసొప్పల్యా."

"ఏందీ, పని చేయదా?"

"చేస్తాది. యాడా తగిలించకున్నా చేస్తాది. అదే బాధ." యోబు బల్ల మీది దుమ్ము చేత్తో తుడిచాడు. "ఒకసారి ఉన్ని సరి చేద్దామని తలకు పెట్టుకున్యా. తీగ ఒళ్లోనే ఉంది. నేల ఎంత దూరమన్నా అని ఎవరో అడిగినారు. పడుచు గొంతు. మన సీమ మాటే. స్టూలు మీద కూచున్నోన్ని, నేనేం చెప్పేది?"

ఓబుళరెడ్డి నవ్వాడు. యోబు నవ్వలేదు. బేరమూ ఆడలేదు.

ఓబుళరెడ్డి దాన్ని తన కాన్వాసు సంచిలో పెట్టుకున్నాడు. టార్చి, చేతి దిక్సూచి, మడత పటం, చాకు, నీళ్ల సీసా అప్పటికే ఆ సంచిలో ఉన్నాయి. సెట్టు బిగించడానికి విమానాన్ని నంద్యాల బయట బీడుకు తెస్తానని, అక్కడే ఉండమని యోబుకు చెప్పి వెళ్లాడు.

విమానం తెచ్చే రోజు తెల్లవారి ఆకాశం కడిగిన పళ్లెంలా ఉంది. ఒక్కడే ఎగిరేటప్పుడు ముందు సీటు బెల్టు ఊగి విమానం నడిపే కర్రకు చుట్టుకోకుండా బిగించి పెట్టాలి. ఓబుళరెడ్డి దాన్ని బిగించి, నడిపేవాడి చోటైన వెనక సీట్లో కూర్చున్నాడు. గాలికి, మోతకు అడ్డుగా ఉంటుందని తోలు టోపీ పెట్టుకున్నాడు. తీగ కొసను చుట్టి సంచిలో దోపాడు.

కుడిపక్క నల్లమల కొండలు, ఎడమపక్క కుందూ నది, కింద నంద్యాల బాట. కళ్లు మూసుకుని పోగల దారి. శిరివెళ్ల దాటాక చెవిలో ఎవరో ఊపిరి పీల్చారు.

"అన్నా" అన్నది ఒక గొంతు. "నేల కనపడల్యా."

ఓబుళరెడ్డి వెనక్కి చూశాడు. వెనక తోక తప్ప ఏముంటుంది? ముందు సీటు ఖాళీ.

"మంచన్నా. అంతా మంచే. యాడుండామో తెల్డంల్యా."

అప్పుడు చూశాడు. బాట లేదు. కుందూ లేదు. రెక్కల చివర్లు కూడా తెల్లగా కరిగిపోతున్నాయి. మొహం మీద నీటి తుంపర పడుతోంది. ఇంతలో ఇంత మంచు యాడినుంచి వచ్చింది? కొండల దిక్కుకు తిరిగిపోయానేమోనని భయం పట్టుకుని, టోపీ లాగి ఒళ్లో పడేశాడు.

ఎండ. చక్కటి ఎండ. కింద జొన్న చేలు, ఎద్దుల బండి, దాని నీడ. మంచన్నది యాడా లేదు.

కాసేపు అలాగే పోయాడు. టోపీ ఒళ్లో ఉంది. దాన్ని బయటికి విసిరేస్తే సరిపోతుంది. కానీ ఇంత ఇంజను మోతలోనూ, ఒళ్లోంచి సన్నగా ఆ గొంతు వినబడుతూనే ఉంది. బెదిరించడం లేదు, పిలవడం లేదు. అన్నా, ఉండావా అని మాత్రం అడుగుతోంది. ఎన్నేళ్లుగా అడుగుతోందో ఏమో.

ఓబుళరెడ్డి టోపీ మళ్లీ తలకు పెట్టుకున్నాడు. ఈసారి ఎడమ చెవి గిన్నెను పైకెత్తి ఉంచాడు. కుడి పక్కంతా మంచు కమ్ముకుంది. ఎడమ పక్క ఎండ నిలిచింది. వెలుగున్న వైపు చూస్తూ విమానం నడిపాడు.

"ఉండా" అన్నాడు గట్టిగా. "నాకు కనపడ్తాంది. నేను చెప్తా, నువ్వు విను. ఎడమపక్క కుందూ. నీళ్లు తక్కువుండాయి. గొర్లు తాగుతాండాయి."

"గొర్లా?" అన్నది గొంతు. ఆ మాటకు కొంచెం ఊరట పడినట్టుంది.

"అవ్. ఇప్పుడు గోస్పాడు చేలు. అదో రైలు కట్ట. నంద్యాల వచ్చినాం. దిగుతాండా. పట్టుకో."

బీడు చివర యోబు చేతి గుడ్డ ఊపుతూ కనిపించాడు. చక్రాలు నేలకు తగిలి, ఎగిరి, మళ్లీ తగిలాయి.

"నేల" అన్నది గొంతు. ఆ తర్వాత ఏమీ వినబడలేదు.

ఇంజను ఆగింది. ముందు సీట్లో బెల్టు కొక్కెం టక్కుమని ఊడింది. యోబు పరిగెత్తుకుంటూ దగ్గరకొచ్చి ఆగిపోయాడు.

"ముందర ఎవర్ని కూచోబెట్టుకొచ్చినావ్ రెడ్డీ? దిగి యాడికి పోయినాడు?"

బిగించిన బెల్టు రెండు వైపులా వేలాడుతోంది. సీటు కింద నీళ్లు. రెక్క పక్కనుంచి, ఎండు గడ్డిలో మనిషి నడిచిన తడి చార ఒకటి బీడు అంచుదాకా పోయింది. ఇద్దరూ ఆ చార వెంబడి నడిచారు. గడ్డి అయిపోయినచోట అదీ మాయమైంది. అక్కడ జీవమ్మ అనే ముసలామె చేలో పత్తి ఏరుతోంది. విమానాన్ని చూసి బెదిరినట్టు లేదు.

"ఇట్ల ఎవరన్నా పోయినారా, అవ్వా?" అని అడిగాడు ఓబుళరెడ్డి.

"పడుచోడు పోయినాడప్పా. తోలు టోపీ. గుడ్డలన్నీ తడి, బాయిలో పడి లేచినట్టు. ఇది ఏ ఊరవ్వా అన్యాడు. నంద్యాల అన్యా. మంచెప్పుడు ఇడిసిందవ్వా అన్యాడు. ఈడ మంచే పడల్యా నాయనా అన్యా. కూలబడి నేలను రెండు చేతుల్తో తడుముకున్యాడు. సలికి వణుకుతాండాడని నా దుప్పటిచ్చినా. కప్పుకొని పోయినాడు."

"ఏ దిక్కుకు?"

ఆమె నల్లమల వైపు చూపించింది. కొండలదాకా చదునైన చేలు. కనుచూపు మేరలో మనిషన్నవాడు లేడు. యోబు తలగుడ్డ తీసి, పెదవులు కదుపుతూ ప్రార్థన చేసుకున్నాడు. ఓబుళరెడ్డి ఇంటికెళ్లాక ఆమెకు కొత్త దుప్పటి పంపించాడు.

యోబు ఆ పూటే సెట్టు బిగించాడు. తోలు టోపీ తీగ తగిలించి వింటే మద్రాసు పాటలు, గరగరలు తప్ప ఏమీ లేవు. తీగ తీసేస్తే నిశ్శబ్దం. ఓబుళరెడ్డి దాన్ని మార్చలేదు. ఆ తర్వాత చాలా ఏళ్లు ఎగిరాడు. శ్రీశైలం మీదుగా వెళ్లాడు, ఆత్మకూరు అడవి మీదుగా వెళ్లాడు. ఒంటరిగా ఉన్నప్పుడు కింద కనిపించేవన్నీ పైకి చెప్పుకుంటూ పోవడం అతనికి అలవాటైపోయింది. ఇది వాగు, ఇది బాట, ఇవి గొర్లు అని. ఎవరన్నా ఉండారా అని మాత్రం ఏనాడూ అడగలేదు.