పొద్దుటి గాలి, మధ్యాహ్నపు గాలి

దూరపు చూపు మందగించాక రాజనర్సు కారు తాళంచెవి భార్య చేతిలో పెట్టాడు. ఊరొదిలి వలస వచ్చి స్థిరపడిన గోడాదరాలో వీధివాళ్లు వింతగా చూస్తుండగానే భాగీరథి యాభై దాటిన వయసులో డ్రైవింగ్ నేర్చుకుంది. లేసు కుట్టిన చీరల మూటలు వెనక సీట్లో వేసుకుని, రోజూ మధ్యాహ్నం సలాబత్‌పురా చీరల మార్కెట్‌లోని దుకాణాలకు చేరవేసేది. ఆమె రివర్స్ చేస్తుంటే రాజనర్సు కిటికీలోంచి చూసి లోలోపల మురిసిపోయేవాడు. పైకి మాత్రం ఒక్క మాటా అనేవాడు కాదు.

జనవరిలో చలి ముదిరింది. ఒక పొద్దున కారు తుడుస్తుంటే టైర్లు మెత్తబడ్డాయనిపించి, మీటరున్న కాలి పంపు పెట్టి చూశాడు. గాలి ఒత్తిడి ముప్పై మూడు ఉండాలని కారు తలుపు అంచున రాసి ఉంది. ముల్లు ముప్పై దగ్గరే ఆగింది. అన్నింటికీ గాలి కొట్టాడు. మర్నాడు చూస్తే మళ్లీ అంతే. పంక్చరయితే ఒక్క టైరులో తగ్గాలి గానీ నాలుగింటిలో ఒకేలా ఎందుకు తగ్గుతోందో అంతుపట్టలేదు. చెబితే ఆమె భయపడి స్టీరింగ్ ముట్టదేమోనని, రోజూ ఆమె వంటింట్లో ఉన్నప్పుడు కిందికి దిగి ఆయాసపడుతూ పంపు తొక్కేవాడు.

అటు భాగీరథికీ దిగులు పట్టుకుంది. ఎండలో మార్కెట్ చేరేసరికి గతుకుల మీద బండి ఎగురుతున్నట్టు అనిపించేది. అక్కడి టైర్ల దుకాణంలో చూపిస్తే ముప్పై ఆరు దాటిందన్నారు. టైరు పేలుతుందేమోనని ముప్పై మూడుకు వచ్చేదాకా గాలి తీయించింది. ఆ తర్వాత రోజూ అదే పని. కంటి బాధతో ఉన్న మనిషికి ఇదొక బెంగ ఎందుకని ఆమె కూడా చెప్పలేదు.

ఒక పొద్దున పాల ప్యాకెట్ కోసం దిగిన భాగీరథికి, పంపు తొక్కుతూ రొప్పుతున్న భర్త కనిపించాడు.

"ఏందయ్యా, గింత చలిల గీ కష్టమేంది?"

దొరికిపోయిన రాజనర్సు తలొంచుకుని అంతా చెప్పాడు. ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"నువ్వు పొద్దుగాల కొట్టిన గాలంత నేను మధ్యానం తీపిస్తున్న."

ఇద్దరూ మెట్ల మీద కూలబడి, కడుపు పట్టుకుని నవ్వారు.

ఆ మధ్యాహ్నం కలిసే వెళ్లారు. టైర్ల దుకాణం ముసలాయన హిందీలో ఓపిగ్గా చెప్పాడు. రాత్రి చలికి టైరులో గాలి ముడుచుకుంటుందట. ఎండకూ రోడ్డు రాపిడికీ వేడెక్కి మళ్లీ ఒత్తిడి పెరుగుతుందట. పొద్దున బండి కదలకముందు చూసిందే లెక్క, వేడి మీద పెరిగినదాన్ని తీయకూడదన్నాడు. ఆ రోజు గాలి తీయించలేదు. మర్నాటి పొద్దున ఇద్దరూ కలిసి చూస్తే ముల్లు సరిగ్గా ముప్పై మూడు మీద నిలిచింది.

దాంతో రాజనర్సుకు పొద్దుటి పని పోయింది. తోచక గుమ్మంలోకీ ఇంట్లోకీ తిరుగుతున్న భర్తను భాగీరథి గమనించింది.

"మార్కెట్ల మూటలు దించెటందుకు నాకో మనిషి కావాలె. జర వస్తవా?"

అతను వెంటనే లోపలికి వెళ్లి చొక్కా మార్చుకొచ్చాడు. ఇప్పుడు రోజూ ఆమె పక్క సీటు అతనిదే. తిరుగు దారిలో చెరకు రసం బండి దగ్గర ఆపమంటాడు. ఆలస్యమవుతోందని విసుక్కుంటూనే ఆమె ఆపుతుంది.